సౌత్ సూడాన్‌లో గొడవ తెగలదా, ఆయిల్‌దా? ఏడేళ్లు అక్కడ జొన్నల బస్తాలు లెక్కపెట్టినవాడి సమాధానం

తమ్ముడూ, ముందు ఆ సర్ గిర్ మానెయ్, అన్నా అంటే చాలు. నువ్వు అడిగింది ఏంటంటే, సౌత్ సూడాన్‌కి 2011లో స్వాతంత్ర్యం వచ్చింది, కావలసినంత ఆయిల్ ఉంది, అమెరికా అండ ఉంది, అయినా రెండున్నరేళ్లకే ఎందుకు కొట్టుకు చచ్చారు, ఇది డింకా న్యూయెర్ తెగల పగా లేక ఆయిల్ శాపమా, ఎన్నికలు పెట్టి గవర్నెన్స్ బాగుచేస్తే సర్దుకుంటుందా, సివిల్స్‌లో ఇలాంటివి వస్తే ఎలా రాయాలి అని. పరీక్షలో ఎలా రాయాలో నాకు తెలీదు. మాది ఒంగోలు పక్కన, డిగ్రీ అయ్యాక గోడౌన్ల లెక్కల ఉద్యోగం, అలా తిరిగి తిరిగి 2009లో అక్కడి రాజధాని జూబాలో తేలాను. ఒక సాయం సంస్థలో లాజిస్టిక్స్. జొన్నలు, నూనె, పప్పు, లారీలు, పడవలు, గోడౌన్ తాళాలు, అదీ పని. 2016 జులైలో మన ఎయిర్‌ఫోర్స్ విమానం ఎక్కి వచ్చేదాకా అక్కడే ఉన్నా. అందుకని పుస్తకంలో లేని సైడు నుంచి చెప్తా, పరీక్షకి పనికొస్తే నీ అదృష్టం.

తెగల సంగతి ముందు తేల్చేద్దాం, ఎందుకంటే టీవీ చూసినవాడెవడైనా మొదట అదే అంటాడు. 2013 డిసెంబర్ 15 రాత్రి జూబాలో కాల్పులు మొదలయ్యాయి. ప్రెసిడెంట్ సాల్వా కీర్ డింకా, జులైలో ఆయన తీసేసిన వైస్ ప్రెసిడెంట్ రియక్ మచార్ న్యూయెర్, ఇంకేముంది తెగల యుద్ధం అని రాసేశారు. కానీ అంతకి తొమ్మిది రోజుల ముందు, డిసెంబర్ 6న, కీర్‌ని తిడుతూ ప్రెస్‌మీట్ పెట్టినోళ్లలో మచార్ పక్కన ఎవరున్నారు? సౌత్ పోరాటాన్ని మొదట్నుంచీ నడిపిన జాన్ గరాంగ్ భార్య రెబెక్కా న్యాండెంగ్, ఆవిడ డింకా. పాలక పార్టీ ఎస్‌పీఎల్‌ఎంకి సెక్రటరీగా చేసిన పగాన్ అముమ్, ఆయన షిల్లుక్ అనే ఇంకో తెగ. మరి కీర్ వైపు ఆర్మీ చీఫ్ ఎవరు? జేమ్స్ హోత్ మాయ్, ఆయన న్యూయెర్. అంటే గొడవ పార్టీలో కుర్చీ గొడవ, 2015లో ఎన్నికలు రావాలి కాబట్టి పార్టీ ప్రెసిడెంట్ ఎవరు అనేదాని మీద. మన దగ్గర టికెట్ రానోడు రెబెల్‌గా నామినేషన్ వేస్తాడు చూడు, అక్కడ టికెట్ రానోడు బెటాలియన్ తీసుకుని అడవిలోకి పోతాడు, తేడా అంతే.

అలాగని తెగ అనేది అబద్ధం అంటే నా కళ్లే నన్ను తిడతాయి. మా డ్రైవర్ న్యూయెర్. వాళ్లలో పాత పద్ధతిలో పెద్దమనిషి అయినవాడికి నుదుటి మీద ఈ చెవి నుంచి ఆ చెవికి ఆరు గీతలు కోస్తారు, చచ్చేదాకా పోవు. ఆ రాత్రి తర్వాత జూబాలో గుడెలే వైపు ఇల్లిల్లూ వెతికి న్యూయెర్ మగాళ్లని చంపారు, అది ఆఫ్రికన్ యూనియన్ వేసిన కమిషన్ రిపోర్టులో కూడా ఉంది. మా డ్రైవర్ గోడౌన్‌లో బస్తాల వరసల మధ్య రెండు రాత్రులు, మూడు పగళ్లు కూర్చున్నాడు. ఉన్ని టోపీ కనుబొమ్మల దాకా లాక్కుని, డిసెంబర్ ఎండలో, రేకుల షెడ్డు లోపల, ఊహించుకో. వాడికి నీళ్లు, రొట్టె తెచ్చిపెట్టింది ఎవరనుకున్నావ్, మా స్టోర్ కీపర్. ఆయన బోర్ వైపు డింకా. మూడో రోజు సాయంత్రం మా వెహికల్‌లో వెనక సీటు కింద పడుకోబెట్టి ఎయిర్‌పోర్ట్ పక్కన టాంగ్‌పింగ్‌లో ఉన్న ఐక్యరాజ్యసమితి బేస్‌లో దింపాం, అప్పటికే అక్కడ ఇసకేస్తే రాలనంత జనం. మర్నాటికల్లా బోర్ పట్టణం న్యూయెర్ సైనికుల చేతిలోకి పోయింది, స్టోర్ కీపర్ మేనమామ కుటుంబం అక్కడే పోయింది. ఆయన నన్ను ఒక్క మాట కూడా అనలేదు, డ్రైవర్ గురించి కూడా అనలేదు, రోజూ వచ్చి తాళాలు తీసి లెడ్జర్ రాసుకుంటూ కూర్చునేవాడు. కాకపోతే ఆ తర్వాత న్యూయెర్ అన్న మాట ఆయన నోటి వెంట నేను వినలేదు, "ఆ మనుషులు" అనేవాడు.

నేను చెప్పేది ఏంటంటే తెగ అనేది మంటకి గాలి, నిప్పు కాదు. 1991లో మచార్ గరాంగ్ నుంచి విడిపోయినప్పుడు బోర్‌లో జరిగిన ఊచకోత జనానికి గుర్తుంది కాబట్టి, నిప్పు పడగానే అంత వేగంగా అంటుకుంది. నిప్పు ఎక్కడిదీ అంటే డబ్బు పంచే పద్ధతిలోది.

ఇప్పుడు అసలు సంగతి. ఆ దేశానికి సముద్రం లేదు. 2005లో నార్త్, సౌత్ మధ్య శాంతి ఒప్పందం అయ్యి, 2011 జనవరి రిఫరెండంలో 98.83 శాతం మంది విడిపోదాం అని ఓటేసి, జులై 9న జెండా ఎగరేశారు, నేను జనంలో నిలబడి చూశా, ముసలోళ్లు ఏడుస్తూ డాన్స్ చేశారు, ఇప్పటికీ తలుచుకుంటే ఒళ్లు పులకరిస్తుంది. విడిపోయేటప్పుడు పాత సూడాన్ ఆయిల్‌లో ముప్పాతిక భాగం సౌత్‌కి వచ్చింది, రోజుకి మూడున్నర లక్షల బ్యారెళ్లు. కానీ పైపు, రేవు నార్త్‌లో, అంటే సూడాన్‌లో ఉండిపోయాయి. బావి మన చేలో, మోటారు స్విచ్ పక్కింటోడి గోడకి. ఆ బావుల్లో మన వాటా కూడా ఉందిలే, ఓఎన్‌జీసీ విదేశ్ 2003లోనే అక్కడి గ్రేటర్ నైల్ కన్సార్షియంలో 25 శాతం కొంది, చైనా, మలేషియా కంపెనీలు మిగతా పెద్ద వాటాదార్లు.

ప్రభుత్వ ఆదాయంలో 98 శాతం ఆ ఒక్క పైపులోంచి వచ్చేది. ఈ అంకె ప్రతి రిపోర్టులోనూ ఉంటుంది, దాని అర్థం మాత్రం చాలామంది పట్టించుకోరు. 98 శాతం ఆయిల్ అంటే ప్రభుత్వానికి జనంతో పని లేదు అని. పన్ను అడగాల్సిన పని లేదు కాబట్టి లెక్క చెప్పాల్సిన పని లేదు, రోడ్డు వేయకపోయినా నష్టం లేదు, ఆస్పత్రులూ తిండీ మాలాంటి విదేశీ సంస్థలు చూసుకుంటాయి. నిజం చెప్పాలంటే మేం కూడా ఆ వ్యవస్థలో భాగమే, మేం జొన్నలు పంచుతున్నాం కాబట్టి వాళ్లకి ఆ ఖర్చు లేదు, ఆ మిగిలింది తుపాకులకి పోయింది. ఇది ఒప్పుకోడానికి నాకు చాలా ఏళ్లు పట్టింది, అలాగని పంచడం ఆపేస్తే ముందు పోయేది పసిపిల్లలు, కాబట్టి దీనికి నా దగ్గర తెలివైన సమాధానం ఏం లేదు.

మరి ఆ డబ్బు ఎటు పోయింది? అందరూ దొంగతనం అంటారు, అదీ నిజమే. 2012లో స్వయంగా సాల్వా కీర్ 75 మంది పాత, కొత్త అధికార్లకి ఉత్తరం రాశాడు, 4 బిలియన్ డాలర్లు మాయమయ్యాయి, దయచేసి తిరిగివ్వండి అని. ప్రెసిడెంట్ బతిమాలుకోవడం చూడు! అంతకుముందు 2008లో జొన్నల కుంభకోణం, దాన్ని అక్కడ దుర్రా సాగా అంటారు, దుర్రా అంటే జొన్న. కరువు వస్తుందని ధాన్యం కొని గోడౌన్లలో నిలవ పెట్టడానికి కాంట్రాక్టులిస్తే పుట్టగొడుగుల్లా కంపెనీలు లేచి, డబ్బు తీసుకుని, చాలా చోట్ల గింజ దింపలేదు. నేను వెళ్లేసరికి అది పాత వార్త, కానీ ఆ పేరుతో కట్టిన ఒక షెడ్డుని మేం అద్దెకి అడుగుదామని చూడ్డానికి వెళ్తే లోపల మేకలున్నాయి.

కానీ దొంగతనం కంటే పెద్ద ఖర్చు ఇంకోటుంది, అది చట్టబద్ధమైన ఖర్చు, జీతాల లిస్టు. ఇదే నేను నీకు చెప్పాలనుకున్న ముఖ్యమైన పాయింట్. 2005లో గరాంగ్ హెలికాప్టర్ ప్రమాదంలో పోయాక కీర్ వచ్చాడు. అప్పటికి దేశం నిండా వేర్వేరు సైన్యాలు, వాటిలో పెద్దది పాలినో మటీప్‌ది, అది నార్త్ రాజధాని ఖార్టూమ్ ఇచ్చిన డబ్బుతో ఇన్నాళ్లూ గరాంగ్ సైన్యం ఎస్‌పీఎల్‌ఏ మీదే పోరాడింది. 2006 జనవరిలో జూబా డిక్లరేషన్ అని ఒకటి చేసి వాళ్లందర్నీ సైన్యంలో కలిపేసుకున్నారు, మటీప్‌ని డిప్యూటీ కమాండర్ ఇన్ చీఫ్‌ని చేశారు. అప్పుడు అందరూ మెచ్చుకున్నారు, నేనైనా మెచ్చుకునేవాణ్ణే, నెత్తురు కారకుండా శాంతి కొన్నాడు కదా. కాకపోతే కొన్నాడు అనే మాట గుర్తుపెట్టుకో. రేటు తెలిసిపోయింది. తర్వాత తుపాకీ ఉన్న ప్రతివాడూ వచ్చి తన మనుషుల లిస్టు ఇచ్చాడు. వెయ్యిమంది ఉంటే మూడువేలు రాశాడు, ఆ మిగతా రెండువేల జీతం కమాండర్ జేబులోకి. జనరల్స్ 700 దాటారు. అమెరికా సైన్యంలో కూడా అంతమంది జనరల్స్‌ని ఎక్కడా చూడలేదు అని అక్కడి అమెరికన్లే జోకులేసేవాళ్లు.

దీనికి యావ్ యావ్ కథ చెప్తా, ఇదొక్కటి అర్థమైతే మిగతాదంతా అర్థమవుతుంది. డేవిడ్ యావ్ యావ్ అని జోంగ్లే రాష్ట్రంలో ముర్లే తెగ కుర్రాడు, బైబిల్ స్కూల్లో చదువుకున్నాడు. 2010 ఎన్నికల్లో రాష్ట్ర అసెంబ్లీకి నిలబడి ఓడిపోయాడు. ఓడిపోగానే తిరుగుబాటు. 2011లో క్షమాభిక్ష పెట్టి జనరల్‌ని చేశారు. 2012లో మళ్లీ తిరుగుబాటు, ఈసారి పెద్దది. ఆ యుద్ధం నడుస్తుండగానే 2013 ఏప్రిల్ 9న గుమురుక్ దగ్గర ఐక్యరాజ్యసమితి కాన్వాయ్ మీద దాడి జరిగింది, దానికి ఎస్కార్ట్‌గా ఉన్న మన ఇండియన్ ఆర్మీ జవాన్లు ఐదుగురు చనిపోయారు, వాళ్లలో ఒక లెఫ్టినెంట్ కల్నల్. ఇది యావ్ యావ్ మనుషుల పనే అని సౌత్ సూడాన్ సైన్యం ప్రకటించింది. సరే, తర్వాత ఏడాది ఏం జరిగింది? 2014లో అతనితో సంధి చేసుకుని, గ్రేటర్ పిబోర్ అని ప్రత్యేక పాలనా ప్రాంతం ఒకటి సృష్టించి దానికి అతన్నే అధిపతిని చేశారు. ఓడిపోయిన ఎమ్మెల్యే క్యాండిడేట్ నాలుగేళ్లలో దాదాపు గవర్నర్ అయ్యాడు. పోనీ అదే ఎన్నికల్లో ఓడిపోయి ఇంట్లో కూర్చున్న మంచోడు ఏమయ్యాడు? వాడి పేరు ఎవరికీ గుర్తులేదు. ఇక కుర్రాళ్లకి ఏ దారి మంచిదో ఎవరూ చెప్పక్కర్లేదు కదా. దీన్నే పెద్ద చదువులోళ్లు పొలిటికల్ మార్కెట్‌ప్లేస్ అంటారు, నువ్వు పరీక్షలో ఆ మాట వాడుకో, మార్కులు పడతాయి.

ఇలాంటి సంతలో శాంతి ఎంతకాలం ఉంటుంది? కొనేవాడి దగ్గర డబ్బున్నంత కాలం. అందుకే నా లెక్కలో యుద్ధం మొదలైంది 2013 డిసెంబర్‌లో కాదు, 2012 జనవరిలో. పైపు వాడుకున్నందుకు బ్యారెల్‌కి 36 డాలర్లు కట్టమంది ఖార్టూమ్, సౌత్ డాలర్ లోపే ఇస్తానంది, బాకీ కింద ఖార్టూమ్ ఆయిల్‌ని పట్టేసుకోవడం మొదలెట్టింది, దాంతో ఒళ్లుమండి జూబా మొత్తం బావులు మూసేసింది. జూబాలో ఆ వారం జనం సంబరాలు చేసుకున్నారు, మా ఆఫీసులో కూడా టీ కాసే ఆవిడ నుంచి అకౌంటెంట్ దాకా అందరూ సరైన పనే చేశారన్నారు, ఆత్మగౌరవం కదా. 98 శాతం ఆదాయాన్ని సొంత చేత్తో ఆపేసుకున్న ప్రభుత్వం ప్రపంచంలో ఇంకోటి ఉందేమో నాకు తెలీదు. ఏప్రిల్‌లో నార్త్ చేతిలో ఉన్న హెగ్లిగ్ ఆయిల్ బావుల మీదకి యుద్ధానికి వెళ్లారు, సెప్టెంబర్‌లో అడిస్ అబాబాలో ఒప్పందం, మళ్లీ ఆయిల్ కదిలింది 2013 ఏప్రిల్‌లో. ఆ పదిహేను నెలల్లో కొనే శక్తి పోయింది, అప్పులు పెరిగాయి, ఎవర్ని లిస్టులో ఉంచాలి ఎవర్ని తీసెయ్యాలి అనే లెక్కలు మొదలయ్యాయి. ఆ జులైలో కీర్ మచార్‌తో పాటు మంత్రివర్గం మొత్తాన్ని ఒక్క రోజులో పీకేశాడు. డిసెంబర్‌లో ఏమైందో పైన చెప్పా.

ఆ ఒప్పందంలో ఇంకో చిన్న ముడి ఉంది, దాని గురించి ఎవరూ మాట్లాడరు. ఖార్టూమ్‌కి కట్టేది శాతం లెక్క కాదు, బ్యారెల్‌కి ఇంత అని ఫిక్స్‌డ్, అన్నీ కలిపి 24, 25 డాలర్లు. ఆయిల్ వంద డాలర్లున్నప్పుడు అదేం నొప్పి అనిపించలేదు. 2016 మొదట్లో రేటు ముప్ఫైకి పడిపోయేసరికి నార్త్‌కి కట్టగా మిగిలేది చిల్లర. కౌలు డబ్బు ఫిక్స్ చేసుకున్న రైతుకి పంట రేటు పడిపోతే ఏమవుతుందో మనకి తెలిసిందే. 2015 డిసెంబర్‌లో అక్కడి కరెన్సీ పౌండ్‌ని డాలర్‌కి 2.95 నుంచి ఒక్కసారిగా 18.5కి వదిలేశారు, 2016లో ధరల పెరుగుదల 800 శాతం దాటింది. సోల్జర్‌కి జీతం పౌండ్లలో, అదీ నెలల తరబడి లేటు. గురుష్ మాఫీ, డబ్బు లేదు, జూబా అరబిక్‌లో నేను ఎక్కువసార్లు విన్న మాట అదే. తుపాకీ ఉండి జీతం లేనివాడు ఏం చేస్తాడో 2016 జులైలో చూశాం. 8న ప్రెసిడెంట్ భవనం దగ్గర కీర్, మచార్ సైనికుల మధ్య మొదలై నాలుగు రోజులు, హెలికాప్టర్లు, ట్యాంకులు. ఆ గొడవలోనే ఐక్యరాజ్యసమితి తిండి సంస్థ డబ్ల్యూఎఫ్‌పీ వాళ్ల పెద్ద గోడౌన్‌ని లూటీ చేశారు, 4,500 టన్నుల తిండి. నా వృత్తి వాడికి ఆ అంకె ఒక్కటే చాలు ఏడవడానికి. ముప్ఫై టన్నుల లారీ అనుకున్నా 150 లారీలు. అది ఆకలితో ఉన్న గుంపు చేసే పని కాదు, లారీలుండాలి, గేటు దగ్గర అడిగేవాడు ఉండకూడదు, కొనేవాడు ముందే ఉండాలి.

ఆ తర్వాత మన ప్రభుత్వం ఆపరేషన్ సంకట్ మోచన్ అని రెండు సీ-17 విమానాలు పంపింది, అప్పటి విదేశాంగ సహాయమంత్రి వీకే సింగ్ గారు స్వయంగా వచ్చారు. 150 మందికి పైగా వచ్చాం, ముందు తిరువనంతపురం, తర్వాత ఢిల్లీ. చాలామంది మనవాళ్లు రాలేదు, షాపులు, సరుకు వదిలేసి ఎలా వస్తారు. ఎయిర్‌పోర్ట్‌లో ఒక గుజరాతీ వ్యాపారి తమ్ముణ్ణి విమానం ఎక్కించి తను వెనక్కి వెళ్లిపోవడం చూశా.

ఇక నీ రెండో ప్రశ్న, గవర్నెన్స్ బాగుచేస్తే సరిపోతుందా అని. 2005 నుంచి 2013 దాకా అక్కడ జరిగింది అదే తమ్ముడూ! జూబాలో ఏ హోటల్ చూసినా కెపాసిటీ బిల్డింగ్ వర్క్‌షాప్. ప్రొక్యూర్‌మెంట్ ట్రైనింగ్, బడ్జెట్ ట్రైనింగ్, ఎక్సెల్ ట్రైనింగ్. నేనే రెండు మూడు చెప్పా, గోడౌన్ స్టాక్ లెక్కల మీద. ఒక కౌంటీ అధికారి, బాగా తెలివైనవాడు, ట్రైనింగ్ అయ్యాక నాతో టీ తాగుతూ అన్నాడు, "ఖవాజా, లెక్క రాయడం మాకు రాదనుకుంటున్నావా? ఎవరెవరికి ఎంత ఇవ్వాలో నా తలకాయలో పైసాతో సహా ఉంది. అది కాగితం మీద పెడితే నన్ను చంపేస్తారు." ఖవాజా అంటే ఫారినర్, మనం కూడా వాళ్లకి ఖవాజాలమే. ఆ మాట విన్నాక నేను ట్రైనింగ్ చెప్పడం మానలేదనుకో, జీతం కదా, కానీ నమ్మకం పోయింది. వాళ్లకి తెలీక కాదు. తెలిసినదాన్ని బయట పెట్టలేని పరిస్థితి.

చట్టాలు లేవా అంటే అవీ ఉన్నాయి. 2013 పెట్రోలియం రెవెన్యూ చట్టం ప్రకారం ఆయిల్ తీసే రాష్ట్రానికి 2 శాతం, ఆ ఊళ్లకి 3 శాతం ఇవ్వాలి. చదవడానికి ఎంత ముచ్చటగా ఉంటుందో. యూనిటీ రాష్ట్రంలో బెంటియు చుట్టుపక్కల ఆయిల్ బావుల కింద ఉన్న ఊళ్లలో నాకు కనపడింది మురికి నీటి గుంటలు, దగ్గర్లో గడ్డి తినని ఆవులు. 2017 ఫిబ్రవరిలో ప్రపంచంలో ఆరేళ్ల తర్వాత మొదటిసారి కరువు ప్రకటించింది ఎక్కడో తెలుసా, ఆయిల్ పండే అదే యూనిటీ రాష్ట్రంలో, లేర్, మయెండిట్ కౌంటీల్లో. వానలు లేక కాదు, మనుషుల్ని తరిమి, పశువుల్ని తోలుకుపోయి, మా లాంటోళ్ల లారీల్ని రానివ్వక.

పశువుల మాట వచ్చింది కాబట్టి ఒకటి చెప్పాలి, ఇది లేకుండా జోంగ్లే, యూనిటీ అర్థం కావు. అక్కడ నేల మన నల్లరేగడే, వానపడితే లారీ చక్రం కాదు కదా మనిషి కాలు కూడా బయటికి రాదు, మే నుంచి నవంబర్ దాకా దేశంలో సగానికి పైగా రోడ్లు బంద్, అప్పుడు మేం విమానం నుంచి జొన్న బస్తాలు వేసేవాళ్లం, సంచి లోపల సంచి పెట్టి, చిట్లకుండా. ఎండాకాలం వస్తే కుర్రాళ్లు ఆవుల్ని తోలుకుని చిత్తడి నేలల వైపు పోతారు. సాయంత్రం పిడకలు కాల్చి పొగ పెడతారు దోమలకి, ఆ బూడిద ఒళ్లంతా పూసుకుంటారు, పళ్లు కూడా దానితోనే, మా నాయనమ్మ కచ్చికతో తోముకునేది గుర్తొచ్చింది. ఒంగోలు మనిషినని చెప్పి నా ఫోన్‌లో గిత్తల ఫొటోలు చూపిస్తే మొత్తం క్యాంపు చుట్టూ చేరింది, మూపురం చూసి మురిసిపోయారు, ఒకడైతే ఎన్ని ఆవులకి ఇస్తావని బేరం పెట్టాడు. మలకాల్‌లో మన ఆర్మీ వాళ్లు పశువుల ఆస్పత్రి నడిపారు, ఇండియా పేరు అక్కడ మంచిగా వినపడిందంటే దాని పుణ్యం కూడా ఉంది.

పెళ్లికి కన్యాశుల్కం ఆవుల్లోనే. ముప్ఫై నుంచి వంద, పెద్దింటి పిల్లకి ఇంకా ఎక్కువ. ఇప్పుడు జూబాలో జీతం తీసుకునే జనరల్ ఆ డబ్బుతో ఆవులు కొని ఊళ్లో పెళ్లిళ్ల రేటు పెంచేస్తాడు. ఊళ్లో కుర్రాడికి ఉద్యోగం లేదు, చదువు లేదు, ఆవులు లేకపోతే పెళ్లి లేదు, పెళ్లి లేకపోతే వాడు మనిషి కిందే లెక్క కాదు. మరి పక్క తెగ మంద మీద పడక ఏం చేస్తాడు? ఇదివరకు ఈటెలు, ఎవరో ఇద్దరు ముగ్గురు పోయేవాళ్లు, పెద్దలు కూర్చుని ఇన్ని ఆవులు పరిహారం అని తేల్చేవాళ్లు. ఇప్పుడు ఏకే-47, 2011 చివర్లో న్యూయెర్‌లలో లౌ శాఖ కుర్రాళ్లు వేలమంది ముర్లేల పిబోర్ మీద పడ్డారు, పోయినవాళ్లలో ఆడవాళ్లూ పిల్లలూ. అంతమందికి పరిహారం ఏ పెద్దమనిషి లెక్కకడతాడు? ఆ కుర్రాళ్లే జూబా నాయకులకి కావలసినప్పుడు సైన్యం.

ఆఫ్రికా అంతేలే అనేవాళ్లకి నేనెప్పుడూ బోట్స్వానా చూపిస్తా. అదీ ఆవుల దేశమే, 1966లో స్వాతంత్ర్యం వచ్చేనాటికి తారు రోడ్డు 12 కిలోమీటర్లు. సముద్రం లేదు. తర్వాత ఏడాదే ఒరాపాలో వజ్రాలు దొరికాయి, అవి దొరికింది ప్రెసిడెంట్ సెరెట్సే ఖామా సొంత తెగ నేలలో. ఆయన ఏం చేశాడంటే ఖనిజం తెగది కాదు, దేశానిది అని చట్టం చేయించాడు. ఆయన పెద్దాయన కాబట్టి చెల్లింది, పైగా అప్పటికి దేశంలో కొనాల్సిన సైన్యాలేం లేవు, 1977 దాకా వాళ్లకి ఆర్మీయే లేదు. అందుకని బోట్స్వానాని కాపీ కొట్టండి అని జూబా వాళ్లకి చెప్పడం కూడా తేలికమాటే. 2024లో వజ్రాల రేట్లు పడిపోయి జనం విసిగి 58 ఏళ్ల పార్టీని ఓడిస్తే ప్రెసిడెంట్ మసీసీ ఫోన్ చేసి అభినందించి దిగిపోయాడు. ఖనిజం శాపం అయితే రెండు చోట్లా శాపమే కావాలి కదా. డబ్బు వచ్చేసరికి దాన్ని పంచుకోవడానికి బల్ల దగ్గర కూర్చున్నవాళ్లు ఎవరు, వాళ్ల చేతిలో ఏముంది, అది చూడాలి.

కీర్, మచార్ చేసుకున్న 2018 శాంతి ఒప్పందం గురించి పొగుడుతూ రాసినవి కూడా చదివుంటావు. పెద్ద యుద్ధం తగ్గింది, కాదనను. అప్పటికి యుద్ధం వల్ల పోయిన ప్రాణాలు దాదాపు 4 లక్షలని అంచనా వేశారు, కాబట్టి తగ్గడమే గొప్ప. కానీ పద్ధతి చూడు, ఐదుగురు వైస్ ప్రెసిడెంట్లు. ఇరుసైన్యాల్నీ ఒక్కటి చేస్తామని క్యాంపుల్లోకి రమ్మన్నారు, వచ్చినవాళ్లకి తిండి లేదు, మందులు లేవు, సగంమంది ఇంటికెళ్లిపోయారు. రాష్ట్రాలు పది ఉండేవి, 28 చేశారు, 32 చేశారు, మళ్లీ పదికి తెచ్చారు, ప్రతి కొత్త రాష్ట్రం అంటే ఒక గవర్నర్ కుర్చీ, ఒక బండి, ఒక లిస్టు. 2023లో సూడాన్‌లో యుద్ధం మొదలై, 2024 ఫిబ్రవరిలో పైపు పగిలింది, పెద్ద భాగం ఆయిల్ దాదాపు ఏడాది ఆగిపోయింది. మళ్లీ 2012 సీనే, ఈసారి మూసింది వాళ్లు కాదు అంతే. 2025 మార్చిలో మచార్‌ని ఇంట్లో నిర్బంధించారు, సెప్టెంబర్‌లో దేశద్రోహం కేసు పెట్టారు. డబ్బు తగ్గితే లిస్టులోంచి ఎవర్నో తీసెయ్యాలి.

ఎన్నికలు సంగతి అడిగావు, 2024లో మళ్లీ 2026 డిసెంబర్‌కి వాయిదా వేశారు, ఇది ఎన్నో వాయిదానో వాళ్లే మర్చిపోయుంటారు. స్వాతంత్ర్యం వచ్చాక అప్పటిదాకా ఒక్కసారి కూడా ఓటు పడలేదు. నన్నడిగితే ఓడినవాడు ఇంటికెళ్లి బతికే ఏర్పాటు లేకుండా పెట్టే ఎన్నిక ఇంకో యావ్ యావ్‌ని తయారుచేస్తుంది, అలాగని పెట్టకపోతే ఉన్నవాడు దిగడు. రెండూ తప్పే, నేనైతే కౌంటీ స్థాయిలో చిన్నగా మొదలుపెట్టి, జీతాలు కమాండర్ చేతికి కాకుండా నేరుగా మనిషికి అందేలా చూడమంటా, మొబైల్ మనీ ఇప్పుడు జూబాలోనూ ఉంది. అలా చేస్తే కమాండర్లే ఒప్పుకోరు అంటావ్, నిజమే, అందుకే ఇన్నాళ్లూ జరగలేదు.

మా స్టోర్ కీపర్‌తో ఇప్పటికీ వాట్సాప్‌లో మాట్లాడుతుంటా. పోయిన నెల వాళ్ల పెద్దబ్బాయి గురించి అడిగా, చిన్నప్పుడు మా గోడౌన్‌లో ఖాళీ సంచులు మడతపెట్టేవాడు. పేరు ఒక కమాండర్ లిస్టులో రాయించాడట. జీతం వస్తుందా అన్నా, లేదు. యూనిఫాం ఇచ్చారా, లేదు. తుపాకీ, అదీ లేదు. మరెందుకయ్యా రాయించావ్ అంటే, రేపు ఇంకో ఒప్పందం జరిగితే లిస్టులో ఉన్నోళ్లకే కదా ఏదైనా ఇచ్చేది అన్నాడు.